ముల్లు చెప్పిన మాట

చెసాపీక్ అఖాతంలో ఉన్న మిత్రుని పాత మోటారు పడవకు డీజిలు, మంచినీళ్ళ ట్యాంకుల గేజీలు మార్చడానికి వెళ్ళాను. కొత్తవి కొని తెచ్చినదీ, బిగించినదీ నేనే. తాళం తిప్పగానే డీజిలు ముల్లు నిండుకు లేచింది. "ఇక బయలుదేరవచ్చు" అన్నాను. పిల్లలు అప్పటికే పడవెక్కి కూర్చున్నారు.

"ఎందుకైనా మంచిది, కర్ర వేసి చూద్దామండీ" అన్నాడు మిత్రుడు. కర్ర చివర మాత్రమే తడిసింది. నిండా పట్టిన నీళ్ళ ట్యాంకేమో దాదాపు ఖాళీ అని చూపిస్తోంది!

ట్యాంకులోని బెండు పైకీ కిందికీ కదిలినప్పుడు విద్యుత్ నిరోధం మారుతుంది. గేజీ దానినే చదువుతుంది. అమెరికా పద్ధతిలో ఖాళీకి 240 ఓములు, నిండుకు 33. ఐరోపా పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180. పడవలోనివి అమెరికా సెండర్లు, నేను తెచ్చినవి ఐరోపా గేజీలు. పెట్టె మీద అంకెలు ముద్రించే ఉన్నాయి, నేనే చదవలేదు.

మరుసటి వారం మీటరుతో సెండర్లను కొలిచి, సరిపడే గేజీలు బిగించాను. ఇప్పుడు ముళ్ళు నిజమే చెబుతున్నాయి. అయినా బయలుదేరే ముందు మిత్రుడు కర్ర వేసే చూస్తాడు. నేను పక్కన నిలబడి, ఆ తడి గుర్తు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాను.