బోడిగుండుకూ మోకాలికీ ముడి

మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టండి. అక్కడి నుంచి ఎముక అంచు దాటి ఒక్క వేలంత బయటి వైపుకు జరగండి. గట్టిగా నొక్కితే లోపల సన్నగా జివ్వుమంటుంది. ఆ చోటును చైనా వాళ్లు జూసాన్లీ అంటారు. వాళ్ల సూదుల వైద్యంలో అది కడుపుకు చెందిన చోటు. కాలి మీద ఉంది, కానీ కడుపుదట! పది రోజులుగా నేను దొరికిన వాళ్లందరి మోకాళ్లూ కొలుస్తున్నాను. ఆపలేకపోతున్నాను.

ఇది మొదలైంది సూర్యాపేటలో. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రోజూ సాయంత్రం ఫిజియోథెరపీకి తీసుకుపోతున్నాను. మా దగ్గర దాన్నెవరూ ఆ పేరుతో పిలవరు, ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. తడి ప్యాడ్లు మోకాలికి రెండు వైపులా కట్టి, డబ్బా మీద గుండీ తిప్పగానే అమ్మ పిక్క మీద కండ చేపపిల్లలా ఎగిరెగిరి పడింది. అమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. ఆమె కదిలించకుండానే ఆమె కాలు కదులుతోంది! అసలీ కరెంటు లోపలికి పోయి ఏం చేస్తుందని అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఎలక్ట్రోఆక్యుపంక్చర్ అన్న మాట తగిలింది. ఒంట్లో గుచ్చిన సన్నని సూదులకు తీగలు తగిలించి చాలా కొద్దిపాటి కరెంటు పంపడం. దాని పక్కనే పేగుల్లోని బ్యాక్టీరియా అని ఉంది. ఆ పక్కన అల్జీమర్స్.

అల్జీమర్స్ అన్న మాట చూడగానే గుండె ఆగినంత పనైంది. కోదాడలో చిన్నమ్మ దగ్గర ఉండే మా అమ్మమ్మకు ఉన్నది అదే. ఆమెకిప్పుడు ఎనభై రెండేళ్లు. చిన్నమ్మ పేరు ఒక పూట గుర్తుంటుంది, ఒక పూట ఉండదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద అమ్మేసిన బర్రె మాత్రం రోజూ యాదికొస్తుంది. పొద్దుగూకితే చాలు, ‘బర్రెకు కుడితి పెట్టిన్రా?’ అని లేస్తుంది. ముసలితనం, చాదస్తం అని మేం నాలుగేళ్లు నెట్టుకొచ్చాం. హైదరాబాద్ డాక్టరు పేరు పెట్టి చెప్పిన తరువాత గానీ అది జబ్బని మాకు తట్టలేదు.

జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ 1906లో ఈ జబ్బు గురించి మొదటిసారి చెప్పారు. ఆగస్టే డేటర్ అనే ఆమె చనిపోయాక ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, అందులో పేరుకున్న మచ్చలనూ చిక్కుపడ్డ పోగులనూ చూపించారు. ఆ తరువాత వందేళ్లు దాదాపు అందరూ మెదడులోనే వెతికారు. మతి పోతే మెదడులో కాక ఇంకెక్కడ వెతుకుతారు? నేనూ అదే అనుకునేవాణ్ని.

కానీ 2016లో షికాగో యూనివర్సిటీలో సంగ్రామ్ సిసోడియా బృందం ఒక పని చేసింది. అల్జీమర్స్ వచ్చేలా పెంచిన చిట్టెలుకలకు చాలాకాలం యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగుల్లోని బ్యాక్టీరియాను మార్చేసింది. మగ ఎలుకల మెదడులో ఆ మచ్చలు తగ్గాయి! మందు పోయింది కడుపులోకి, మార్పు కనిపించింది తలలో. మరుసటి ఏడు ఇంకో బృందం, పుట్టుక నుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన చిట్టెలుకల్లోనూ మచ్చలు తక్కువగానే ఉన్నాయని చూపించింది. 2023లో ఐర్లండ్‌లోని కార్క్‌లో చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడైతే నిజంగానే లేచి నిలబడ్డాను. అల్జీమర్స్ ఉన్న మనుషుల మలంలోని బ్యాక్టీరియాను ఆరోగ్యంగా ఉన్న పడుచు ఎలుకల పేగుల్లోకి ఎక్కించారు. ఆ ఎలుకలకు జ్ఞాపకశక్తి దెబ్బతింది. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోకాంపస్‌లో కొత్త కణాలు పుట్టడం తగ్గింది. మనిషి మరుపులో ఎంతో కొంత పేగుల్లోంచి ఎలుకలోకి దిగిందన్న మాట!

మన ఒంట్లో మన కణాలు సుమారు 30 లక్షల కోట్లయితే, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. వాటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే కాపురం. మనం తిన్న పీచును పులియబెట్టి అవి బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారు చేస్తాయి. వెన్న పేరు మీదుగా పెట్టిన పేరది. పేగు లోపలి గోడకు అదే తిండి. ఆ గోడ ఒక్క కణం మందమే. అది బలహీనపడితే లోపల ఉండాల్సినవి నెత్తుట్లోకి జారతాయి, ఒళ్లంతా కనిపించని మంట మొదలవుతుంది. ఆ మంట సెగ మెదడుకూ తగులుతుంది. అక్కడ చెత్త ఎత్తాల్సిన మైక్రోగ్లియా కణాలు చెత్త వదిలేసి కొట్లాటకు దిగుతాయి. దీనికి తోడు వేగస్ అనే పెద్ద నాడి కడుపునూ మెదడునూ కలుపుతుంది. అందులోని పోగుల్లో వందకు సుమారు ఎనభై కింది నుంచి పైకి కబురు మోసేవే. తల కడుపుకు చెప్పే మాటల కన్నా కడుపు తలకు చెప్పే మాటలే ఎక్కువ! ఈ ఒక్క సంగతి నాకు చిన్నప్పుడు బళ్లో చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మిర్యాలగూడలో మా మామ బాయిల్డ్ రైస్ మిల్లులో చేస్తాడు. నానబెట్టిన వడ్ల ట్యాంకుల దగ్గర నిలబడితే పుల్లని వాసన ముక్కు పగలగొడుతుంది. చిన్నప్పటి నుంచీ ముక్కు మూసుకునే దాటాను. మొన్న మాత్రం ఆగి నిలబడ్డాను. ఆ వాసన వేసేది బ్యాక్టీరియాయే. నీళ్లలో వడ్లు, వెచ్చదనం, కొన్ని గంటల సమయం దొరికితే చాలు, కోట్లకొద్దీ పుట్టి పని మొదలుపెడతాయి. ట్యాంకు మీద చిన్న బుడగ తేలి పగిలింది, పక్కనే ఇంకొకటి తేలింది. నా కడుపులోనూ ఇప్పుడిదే జరుగుతోందని మామకు చెప్తే, ‘మంచిగ తినక అట్లనిపిస్తున్నది, నడు బువ్వ తిందాం’ అన్నాడు. జొన్నరొట్టె, గోంగూర, గిన్నె నిండా సల్ల. ఆ తిండిని నేనెప్పుడూ అంత గౌరవంగా చూడలేదు.

సరే, మోకాలి దగ్గరికి వద్దాం. కాలికి సూది గుచ్చితే కడుపుకేం తెలుస్తుంది? దీనికి నమ్మకం మీద కాక నాడుల మీద ఆధారపడ్డ జవాబు 2021లో వచ్చింది. హార్వర్డ్‌లో ఛ్యూఫూ మా అనే శాస్త్రవేత్త బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. చిట్టెలుక వెనక కాలి లోతుల్లో, ఎముకను అంటుకున్న పొరల్లో ఒక ప్రత్యేక రకం నాడులు ఉన్నాయి. జూసాన్లీ దగ్గర కొద్దిపాటి కరెంటు పెడితే అవి మేలుకుంటాయి. కబురు వెన్నుపాములోంచి మెదడు కాండానికి, అక్కడి నుంచి వేగస్ నాడి మీదుగా అడ్రినల్ గ్రంథులకు పోతుంది. ఆ గ్రంథులు వదిలే రసాయనాలు ఒంట్లోని మంటను తగ్గిస్తాయి. అదే కరెంటు పొట్ట మీద పెడితే ఆ దారి తెరుచుకోలేదు, ఎందుకంటే పొట్ట పొరల్లో ఆ నాడులు లేవు. ఆ నాడులు తీసేసిన ఎలుకల్లో సూది పని చేయలేదు. సూదే లేకుండా వెలుతురుతో ఆ నాడులను మీటితే మాత్రం పని చేసింది! కడుపు చోటు కడుపు మీద కాక మోకాలి కింద ఉందని గుర్తుపట్టిన ఆ పాతకాలపు వైద్యులు ఏం చూసి, ఎన్ని వేల కాళ్లు నొక్కి చెప్పారో!

చైనా ప్రయోగశాలల్లో ఇప్పుడు ఈ సూదుల కరెంటును అల్జీమర్స్ ఎలుకల మీద ప్రయోగిస్తున్నారు. కొన్ని చోట్ల వాడేవి జపాన్‌లోని క్యోటోలో పుట్టించిన, తొందరగా ముసలయ్యే రకం. పరీక్ష కోసం ఎలుకను గుండ్రటి తొట్టిలో, మసక నీళ్లలో వదులుతారు. నీటి అడుగున కనిపించకుండా ఒక చిన్న గట్టు ఉంటుంది. రిచర్డ్ మోరిస్ 1981లో కనిపెట్టిన పరీక్ష ఇది. మతి బాగున్న ఎలుక నాలుగు రోజుల్లో దారి పట్టి, సూటిగా గట్టెక్కుతుంది. మతి పోయింది గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. చదువుతుంటే వంటింట్లోకి ఎందుకొచ్చిందో తెలియక గోడ పట్టుకుని తిరిగే అమ్మమ్మే కళ్ల ముందు మెదిలింది. సూదుల కరెంటు పెట్టిన ఎలుకలు తొందరగా గట్టెక్కాయని, వాటి పేగుల్లో బ్యాక్టీరియా కూర్పు మారిందని, మంట గుర్తులు తగ్గాయని ఈ పరిశోధనలు చెబుతున్నాయి.

సూదులు పెట్టే చోట్లలో తరచూ కనిపించేవి రెండు. ఒకటి మోకాలి కింది జూసాన్లీ. రెండోది నడినెత్తిన బైహుయ్. సంబంధం లేని మాట మాట్లాడితే, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడతావా అని మనం గదమాయిస్తాం. ఆ ముడే వేస్తున్నారు వాళ్లు, నడుమ కడుపును పెట్టి!

ఇదంతా ఎలుకల మాట. మనుషుల్లో ఇది మందుగా నిలబడలేదు. అమ్మమ్మ గోళీలు ఒక్క పూట కూడా మానొద్దని, ఎవరో చెప్పారని ఎక్కడికీ సూదులకు తీసుకుపోవద్దని చిన్నమ్మకు గట్టిగా చెప్పాను. అయినా నా సంబరం తగ్గలేదు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మరుపు జబ్బు, ఉందని 2023లో వచ్చిన అంచనా. అన్ని ఇళ్లలోని మరుపు కోసం ఒక కొత్త తలుపు తట్టి చూస్తున్నారంటే సంబరం కాక ఇంకేముంటుంది?

ఈ సూదులు మనకు పూర్తిగా పరాయివీ కావు. 1938లో చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ద్వారకానాథ్ కోట్నిస్‌ది షోలాపూర్, తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీలు మగ్గాలు నేసిన ఊరు. ఆయన అక్కడే 1942లో కన్నుమూశారు. తోటి డాక్టరు బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు. అల్జీమర్స్ పరిశోధనా మనకు దూరం కాదు. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది, అక్షరం ముక్క రానివాళ్లలో కూడా. అమ్మమ్మకు సంతకం పెట్టడం కూడా రాదు. కానీ మిర్యాలగూడ అంగట్లో తండా వాళ్లతో లంబాడీలో, బట్టల సాయిబుతో ఉర్దూలో బేరమాడేది. ఆ బేరాలే ఆమెకు కొన్నేళ్లు మిగిల్చి ఉంటాయని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆదివారం కోదాడ పోయాను. అమ్మమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కింద కూర్చుని చిప్ప కింద నాలుగు వేళ్లు పెట్టాను. కాలు సన్నబడి ఎముక తేలింది. ఒక్క వేలు పక్కకు జరిగి మెల్లగా నొక్కాను. ఆమె నన్ను గుర్తుపట్టినట్టు లేదు. ఏమనుకుందో, పక్కన గిన్నెలోని ఆముదం వేళ్లకు అద్దుకుని నా నడినెత్తిన పెట్టి రుద్దింది. ‘మాడు ఎండిపోయింది బిడ్డా’ అంది. ఆమె చెయ్యి నా నెత్తి మీద, నా చెయ్యి ఆమె మోకాలి కింద. అట్లా చాలాసేపు కూర్చున్నాం.

పొద్దుగూకుతుంటే అడిగింది, ‘బర్రెకు కుడితి పెట్టినవా?’

‘పెట్టిన అమ్మమ్మా. మొత్తం తాగింది.’