మేడిగడ్డ దగ్గర చేపకు దారేది?

కాటారం చౌరస్తాలో బస్సు దిగేవాళ్లలో చాలామంది కాళేశ్వరం పోయేవాళ్లే. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి, గోదావరిలో ప్రాణహిత కలిసే సంగమం... ఈ ఫొటోలు మీ ఫోన్లోనూ ఉండే ఉంటాయి. నేనూ దిగాను. కానీ ఈసారి వెళ్లింది చేపల దారి వెతకడానికి.

చెరువు మత్తడి దుంకినప్పుడు చేపలు ఎదురెక్కడం ఊళ్లో పుట్టినవాళ్లకు కొత్త కాదు. నదిలోనూ అదే తంతు. వరద రాగానే బొచ్చె, రవ్వ లాంటివి పైకి బయల్దేరతాయి. వరదనీళ్లలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు, పిల్లలు ప్రవాహంతో కిందికి కొట్టుకొస్తాయి. అందుకే పెద్ద చేప మళ్లీ పైకి పోవాల్సిందే.

సంగమానికి దిగువన అంబట్‌పల్లి దగ్గర మేడిగడ్డ బ్యారేజీ. దాదాపు 1.6 కిలోమీటర్ల పొడవు, 85 గేట్లు. 2019 జూన్ 21న మొదలైంది. 2023 అక్టోబరులో ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. తర్వాత నీళ్లు నిల్వ చేయకుండా గేట్లు ఎత్తి ఉంచాలని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ సూచించింది. మనుషులకు అదో పెద్ద నష్టం. చేపకు మాత్రం తలుపు తెరుచుకున్నట్టే!

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన్ని అడిగా. "తాతా, గేట్లు మూస్తే చేపలేం చేస్తయి?"

"ఏం జేస్తది బిడ్డా, ఎదురెక్కుడే దాని గుణం. అడ్డం ఉంటే ఆడ్నే తిరుగుతది" అన్నాడు.

గేటు కొంచెమే ఎత్తినా లాభం తక్కువ. కింది నుంచి నీళ్లు తూటాలా దూసుకొస్తాయి. ఆ వేగానికి చేప నిలవలేదు.

దీనికి విరుగుడు చేపల మెట్లు. బ్యారేజీ పక్కనే వాలుగా ఓ కాలువ కడతారు. అందులో అడ్డుగోడలు పెట్టి చిన్న చిన్న గదులు చేస్తారు. ప్రతి గోడకూ నిలువు సందు ఉంటుంది. చేప సందులోంచి దూరి, గదిలో కాసేపు అలుపు తీర్చుకుని, పై గదికి పోతుంది. ఒక్కసారిగా ఎక్కలేని ఎత్తును మెట్టు మెట్టుగా ఎక్కేస్తుందన్నమాట.

అయితే కడితే చాలదు, చేప ఎక్కుతోందో లేదో చూడాలి. అందుకు చేప కడుపులో బియ్యపు గింజలాంటి చిప్ పెడతారు. మెట్ల మొదట్లో, చివర్లో యాంటెనాలు ఉంటాయి. టోల్‌గేటు దగ్గర మన ఫాస్టాగ్ పలికినట్టే, చేప దాటగానే నమోదవుతుంది. మొదటి మెట్టు దాకా ఎన్నొచ్చాయి, పైకి ఎన్ని చేరాయి? తేడా తెలిస్తే లోపం ఎక్కడుందో దొరుకుతుంది. కొన్నిచోట్ల చేపకు అసలు ద్వారమే కనబడదు. అక్కడ నీటి ధార చాలకపోతే అది పక్కనున్న పెద్ద ప్రవాహం వైపే పోతుంది.

ఇంకో చిక్కు. విదేశాల్లో మొదటి మెట్లు ఎగిరి దూకే సాల్మన్ కోసం కట్టారు. మన జెల్లలేమో అడుగున పాకినట్టు పోయే రకం. ఎవరి చేపలకు వాళ్ల మెట్లు కావాలి. లావోస్‌లోని పాక్ పెంగ్‌లో మెకాంగ్ చేపల మీద ముందు ప్రయోగాలు చేసి, ఆ తర్వాతే మెట్లు కట్టారు.

అడ్డం వేస్తే ఏమవుతుందో మనకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. సముద్రం నుంచి గోదావరికి ఎక్కే పులసకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం పడింది. గంగ మీద 1975లో ఫరక్కా మొదలయ్యాక, ఒకప్పుడు అలహాబాద్ దాటి పోయిన అదే జాతి చేప ఎగువన బాగా తగ్గిపోయింది.

మేడిగడ్డ దాటితే ప్రాణహిత దారి ఉంది. గోదావరి వైపు తిరిగితే ముందు అన్నారం, ఆపైన సుందిళ్ల బ్యారేజీలు. పొలాలకు నీళ్లు కావాలి, కాదనేవారెవరు? మరమ్మతులు చేసి మళ్లీ గేట్లు దించే రోజు వస్తే, ఎన్ని టీఎంసీలు ఆపాలో లెక్కేసే కాగితం మీదే చేపకు ఎంత నీరు వదలాలో కూడా రాసుకోవాలి. కట్టేశాక అతికించడం కన్నా, బాగుచేసేటప్పుడే దారి పెట్టడం తేలిక.

ఈసారి కాళేశ్వరం పోతే సంగమం దగ్గర సెల్ఫీ దిగండి. దిగాక ఒక్క నిమిషం నీళ్లకేసి కూడా చూడండి. కింద ఎవరో ఎదురెక్కుతుంటారు.