ఉద్దనపల్లిలో మా కారు

రాయకోట నుండి హోసూరు పోవుచు ఉద్దనపల్లి చేరేసరికి వాన వెలిసినది గాని, మా కారుకు పిచ్చి పట్టినది. వైపర్లు వాటంతట అవే ఆడుచున్నవి. దీపాలు ఆరి వెలుగుచున్నవి. వెనుక సీటులో నొప్పులు పడుచున్న మా అమ్మాయి! తల్లిని తోడిచ్చి టాక్సీలో ఆసుపత్రికి పంపి, మేము కారు దగ్గర నిలిచితిమి.

షెడ్డు బోర్డు తమిళం, మెకానిక్కు మాట తెలుగు. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పినాడు. ముందు అద్దం క్రింది నీటిదారిలో చింతాకు పేరుకొని, నీరు లోపలికి దిగి ఫ్యూజుల పెట్టెను తడిపినదట. రాగి మొనలకు పచ్చని చిలుము. పెద్ద ఫ్యూజు వేయమంటిమి (మా తెలివి అంతే). "తీగలు కాలిపోతాయి సామీ!" అని కసరినాడు. చిలుము గీకి, గాలిగొట్టంతో ఆరబెట్టినాడు.

మేము చేరేసరికి మనుమరాలు పుట్టి అరగంట. కారులో తివాచీ ఆరడానికి మాత్రం నాలుగు దినాలు పట్టినది.