మూగజీవి సేవ

బల్లి యనగానే మనవారు అది మీద పడిన ఫలమును పంచాంగమున వెదకుదురు. దానికిని వ్యాధి కలుగుననియు, సేవ వలయుననియు తలచువారు అరుదు.

సిరిసిల్లలో నుండు నా మనుమడు ఒక చిరుతబల్లిని పెంచుచున్నాడు. పసుపువన్నె మేనిపై నల్లని చుక్కలుండుటచే దానికా పేరు వచ్చినది. అఫ్ఘనిస్థానము, పాకిస్థానము, వాయవ్య భారతములలోని రాతినేలలు దాని పుట్టిల్లు. మన యింటిబల్లికి లేని కనురెప్పలు దీనికి కలవు. గోడ ప్రాకు నేర్పు మాత్రము లేదు.

వేసవి సెలవులలో వాడు దానిని జగిత్యాలలోని మా యింటికి తెచ్చునప్పటికి దాని కాళ్లు వంగి, తోక చిక్కియుండెను. క్రొవ్వును దాచుకొను ఆ తోకయే దానికి ధాన్యపుగాదె. "బల్లికి వైద్యమా!" యని ఇరుగుపొరుగువారు నవ్విరి. మేము వెనుదీయక, పశువైద్య కళాశాల గల కోరుట్లకు పోయి ఒక వైద్యునికి చూపితిమి.

"కాల్షియము చాలక ఎముకలు మెత్తబడినవి. ఇకమీదట కీచురాళ్లకు కాల్షియము, డి3 విటమిను కలిసిన పొడి నద్ది పెట్టుము. పెట్టెలో నొకవైపు సుమారు 32 డిగ్రీల వెచ్చదనము, వేరొకవైపు చల్లదనము ఉండవలెను. కుబుసము వ్రేళ్లకు బిగిసి రక్తము నాపకుండ తడిగూడు నొకటి యమర్చుము" అని ఆయన బోధించెను.

మూడు నెలలు మనుమడు ఆ నియమము తప్పలేదు. వంగిన కాళ్లు చక్కబడలేదు. కాని అది లేచి నడచినది, వేటాడినది, తోక మరల నిండినది.

బాలలారా! ఈ ప్రాణి 15 మొదలు 20 ఏండ్లవరకు బ్రతుకగలదు. తన బాధ నొక్కమాటయు చెప్పలేదు. కావున మూగజీవిని ఇంటికి తెచ్చుటకు ముందే దాని యవసరములను తెలిసికొనుడు. తెలివితోడి ప్రేమయే దానికి రక్ష.