పిచ్చుకలకో గొట్టపు గాదె

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటామంటే కోనసీమలో అడుగుపెట్టినట్టే. అక్కణ్ణుంచి అమలాపురం దాకా కాలవలూ, కొబ్బరితోటలూ, అరటిబోదెలూ బస్సుతోపాటు వస్తూనే వుంటాయి. నిరుడు సంక్రాంతికి మా అక్కయ్యగారి పల్లె వెళ్ళినప్పుడు ఇవన్నీ యథాప్రకారం వున్నాయి. లేనిదల్లా వసారా దూలానికి వేలాడే వరికంకుల కుచ్చు.

ఎరగనివారికి చెబుతాను. సార్వా కోతల్లో మంచి కంకులు ఏరి, జడలా అల్లి, చూరుకింద కట్టేవారు. గింజలు పిచ్చుకలవి, చూసే సరదా పిల్లలది.

"కుచ్చు ఏదండీ అత్తయ్యగారూ?" అని అక్కయ్య అత్తగారిని అడిగాను.

"కంకి ఇంటికొస్తే కదా నాయనా! మిషను చేలోనే కోసి, చేలోనే నూర్చి, వడ్లు బస్తాలకెత్తిస్తోంది" అన్నారావిడ.

ఆవిడ దిగులు చూసి, కాకినాడలో ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు ఒక ఉపాయం చేశాడు. మూడంగుళాల పి.వి.సి. పైపు మూరెడు తీసుకున్నాడు. మూత, అడుగుపళ్ళెం, గింజలు జారే గరాటు, వాలే పుల్లలు కాలేజీలోని త్రీడీ ప్రింటరుమీద అచ్చువేయించాడు. అచ్చంటే కాగితంమీద కాదు సుమండీ! ప్లాస్టిక్ తీగను కరిగించి, పొరమీద పొర పోసి వస్తువును తయారుచేస్తుందా యంత్రం.

"పుల్లలు ఇంత పొట్టివేమిట్రా?"

"పావురాలు తిష్ట వేయకుండా, మావయ్యా. పళ్ళేనికి చిల్లులు పెట్టింది వాననీరు పోవడానికి. గింజలు నానితే బూజు పట్టి పిట్టలకు జబ్బు చేస్తుంది. ఈ ప్లాస్టిక్ మొక్కజొన్న పిండినుంచి వచ్చేది. 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. అందుకే నీడపట్టున కట్టాను."

మూడోనాటికి పిచ్చుకలు వాలాయి. మనవడు గర్వంగా నాయనమ్మకేసి చూశాడు.

"తిండి పెట్టావు, బాగుంది. మరి వాటి కొంపో?" అన్నారావిడ.

అందరం పైకి చూశాం. పెంకుల సందున గడ్డిపరకలు, లోపల కిచకిచలు. ఆ పెంకుటిల్లు పడగొట్టి డాబా వేయడానికి బావగారు అప్పటికే ముహూర్తం పెట్టించారు. డాబాకు చూరుండదు, సందులుండవు. పైగా పిచ్చుక పిల్లలకు గింజలు చాలవు. తల్లీతండ్రీ పురుగులు ఏరి తెచ్చి పెట్టాలి. పెరట్లో పాదులు కొట్టేసి సిమెంటు చేయిస్తే ఆ పురుగులూ వుండవు.

బావగారు కాసేపు మాట్లాడలేదు. గుడ్డు పెట్టింది మొదలు పిల్ల ఎగిరేదాకా సుమారు నెల పడుతుందని కొడుకు చెప్పాక, మేస్త్రీని పిలిచి పని నెల వాయిదా వేశారు. పెరటికి సిమెంటు వద్దన్నారు. మిగిలిన టేకుచెక్కతో వడ్రంగి చేత ఒక పెట్టె చేయించి, 32 మిల్లీమీటర్ల కంత పెట్టించి, పశువుల పాక చూరుకింద కట్టించారు. ఆ కంతలో పిచ్చుక పడుతుంది, మైన పట్టదు.

తరువాత అక్కయ్య ఉత్తరం రాసింది. పిల్లలు ఎగిరాకే ఇల్లు దించారట. గొట్టం రోజూ ఖాళీ అవుతోందట. చెక్కపెట్టెలోకి మాత్రం ఇంకా ఏ జంటా కాపరానికి రాలేదట.

దానికి అత్తయ్యగారు ఏమన్నారో తెలుసా? "తొందరపెట్టకండర్రా. పాత ఇల్లు మరవడానికి నాకే ఇన్నాళ్ళు పడుతోంది!"