మెయిన్ ఆపి బిస్మిల్లా

దిల్‌సుఖ్‌నగర్‌లో అయినా ఎల్బీ నగర్‌లో అయినా కొత్త ఫ్లాట్‌లో దిగగానే మన ఇళ్లలో మొదట గోడెక్కేది ఆయతుల్ కుర్సీ ఫ్రేమే. ఇప్పుడు చాలామంది దగ్గర కార్డ్‌లెస్ డ్రిల్లుంది. వైరు లేదు గనక ఖత్రా లేదనుకుంటాం. ఖత్రా గోడలో ఉంటుంది: స్విచ్‌బోర్డుకు పైనుంచో కిందినుంచో నిటారుగా పైపు వస్తుంది, అందులో 230 వోల్టుల కరెంటు.

అమ్మీకి ఫ్రేము సరిగ్గా బోర్డు పైనే కావాలి. పక్కకు జరిపించి, మెయిన్ ఆపాను, ఇన్వర్టర్ కూడా.

"కరెంటు లేకుండా మిషన్ ఎలా నడుస్తుంది బేటా?"

"బ్యాటరీది కదా అమ్మీ!"

కార్డ్‌లెస్ అసలు ఫాయిదా అదే. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ తీసేయాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. దుపట్టా, వదులు చేతుల కుర్తా, పిల్లలు దూరంగా ఉండాలి. ఎహతియాత్ చేసినంత మాత్రాన తవక్కుల్ తగ్గదు.