కణితి అంచున

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు. ఒకే ఊరు, పక్కపక్క ఇళ్లు. పెళ్లయిన నాటి నుంచీ ఇద్దరిదీ అడ్డపొగే. చుట్ట వెలిగే కొసను నోట్లో పెట్టుకుంటే ఆ వేడంతా అంగిలికి తగులుతుంది. ఇద్దరికీ పుండు అక్కడే లేచింది. దశ ఒకటే, చేసిన ఆపరేషన్ ఒకటే. ఏడాది తిరిగేసరికి ఒకామె పొలం పనులకు వెళుతోంది. రెండో ఆమెకు జబ్బు మెడ గ్రంథుల్లోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి పాకింది.

"ఇద్దరం ఒక్కనాగే తాగినాం గదా బాబూ, నాకే ఎందుకిలా అయినాది?"

"ఒక్కొక్కరి ఒంటితత్వం అమ్మా" అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు. ఆ రాత్రి ఇద్దరి బయాప్సీ రిపోర్టులూ తీశాను. మొదటామె కణితి అంచున లింఫోసైట్లు, అంటే ఒంటికి కాపు కాసే తెల్లరక్తకణాలు, గుంపుగా చేరాయని రాసి ఉంది. రెండో ఆమెకు అవి అక్కడక్కడా మాత్రమే. ఇన్నేళ్లూ నేను చదవకుండా దాటేసిన వాక్యం అది.

ఇద్దరు రోగులతో ఏదీ రుజువు కాదు. కానీ పెద్దపేగు క్యాన్సర్‌లో కణితి లోపలా అంచునా టి-కణాలనే ఒక రకం లింఫోసైట్లు ఎన్ని చేరాయన్నది, రోగి ఎంతకాలం బతుకుతారో దశకన్నా బాగా చెప్పగలదని 2006లోనే పారిస్ పరిశోధకులు చూపారు.

క్యాన్సర్ పాకడం దాని ఒక్కదాని బలంతో జరగదు. గాయమైనప్పుడు చెత్త ఊడ్చి, కొత్త రక్తనాళాలు మొలిపించే మాక్రోఫేజ్ కణాలు మనలో ఉన్నాయి. ఎలుకల రొమ్ము కణితుల్లో చూస్తే, క్యాన్సర్ కణం సీఎస్ఎఫ్-1 అనే సంకేతంతో వాటిని పిలుస్తుంది. అవి బదులుగా ఈజీఎఫ్ అనే మరో సంకేతం ఇస్తాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడంతోనే రెండూ కలిసి రక్తనాళం దాకా నడుస్తాయి. కొన్ని కణితుల చుట్టూ టీజీఎఫ్-బీటా అనే సంకేతం టి-కణాలను లోపలికి రానివ్వదు. వచ్చిన వాటికీ పీడీ-1 అనే కళ్లెం ఉంటుంది. కణితి తన మీది పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో దాన్ని బిగిస్తుంది. పీడీ-1ను 1992లో క్యోటోలో కనుగొన్న తసుకు హోంజోకూ, సీటీఎల్ఏ-4 అనే మరో కళ్లెం మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కూ 2018లో నోబెల్ వచ్చింది.

ఆ కళ్లెం విప్పే మందులు అందరికీ పనిచేయవు. విప్పాక టి-కణాలు థైరాయిడ్ మీదికో పేగుల మీదికో తిరగబడవచ్చు. ఖరీదు మరో గోడ. అందుకే ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2022లో ప్రచురించిన ఫలితం నాకు అంత విలువైనది. ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో మామూలు మోతాదులో పదో వంతు కూడా లేని 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ అనే పీడీ-1 కళ్లెం విప్పే మందును మూడు వారాలకోసారి చవక మాత్రలకు జోడించారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో నూటికి 16 మంది ఏడాది దాటితే, ఇది కలిపినవారిలో 43 మంది దాటారు.

రెండో ఆమె నాటికి ఈ మందులేవీ అందుబాటులో లేవు. కిందటి నెల ఆమె కూతురు అంగిలి చూపించుకోవడానికి వచ్చింది. చుట్ట మానేసి మూడేళ్లయిందట. తల్లి ప్రశ్ననే మళ్లీ అడిగింది. ఈసారి కాగితం మీద కణితి గీసి, అంచున చుక్కలు పెట్టి చూపించాను.

"మీ అమ్మ ఒంట్లో బలం లేక కాదమ్మా. కాపు కాయాల్సిన కణాలకు ఆ గడ్డ తప్పుడు కబురు పంపి ఉంటుంది."

ఆమె ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడివేసుకుంది.